తగ్గిందన్న కబురు

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ
జులై 14

జ్యోతమ్మకి,

ఇక్కడ ముసురు పట్టింది. యార్డులో నీళ్ళు నిలిచాయి. పాడైన వ్యాగన్లు బాగుచేసే మా సిక్ లైన్లో పిక్కల దాకా నీళ్ళలో నిలబడి పని చేస్తున్నారని నాతో పనిచేసే రాజేంద్ర వచ్చి చెప్పాడు. ఈ వారం బోగీల కింద స్ప్రింగుల పని ఎక్కువగా ఉందట. నా పని మంచం మీద పడుకోవడం. పొద్దున్న లేచి మాత్ర వేసుకుంటాను, పడుకుంటాను. మళ్ళీ లేచి అంబలి తాగుతాను, పడుకుంటాను. నా సర్వీసులో ఇంత కష్టమైన డ్యూటీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకోకు. సమ్మెట మోతలో నలిగిన చెవులు నావి. నువ్వు అరిస్తేగాని నాకు వినబడదు. అరిస్తే ఇల్లంతా వింటుంది. ఇల్లంతా అంటే ఇప్పుడు తక్కువమంది కాదు. మా అక్క, అదే మీ అసిరమ్మత్త, నాకు జబ్బు చేసిన మూడోనాడే పార్వతీపురం నుంచి దిగింది. కొట్టుకి తాళం వేసి కొడుకు తిరుమలరావు కూడా వచ్చాడు. మీ పెద్దమ్మ తమ్ముడు శంకరరావుకి ఈ ఊళ్ళోనే దయాల్‌బంద్‌లో సొంత ఇల్లుంది కదా. పొద్దున్న ఇక్కడి నుంచే వ్యాపార్ విహార్‌లో లారీ ఆఫీసుకి వెళ్తాడు, సాయంత్రం ఇక్కడికే వస్తాడు. భార్య కూడా ఇక్కడే ఉంది. రెండు గదుల క్వార్టరు. వరండాలో కూడా చాపలు పడుతున్నాయి.

అందరికీ రుణపడి ఉన్నాను. పోయిన నెల ఆ రోజు వ్యాగన్ కింద ఉండగా గుండెల్లో పట్టేసింది. గ్యాసనుకున్నాను. రాజేంద్ర వినలేదు. నన్ను మోటారు సైకిలు మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఇంకొకణ్ణి ఎక్కించి, పడిపోకుండా వాడి చేత పట్టించి తీసుకెళ్ళాడు. ఏ ఆసుపత్రికి పోవాలో నువ్వు ఫోన్లో శంకరరావుకి చెప్పావు, అతను రాజేంద్రకి చెప్పాడు. డాక్టరు చేతిలో నుంచి గుండెలోకి తీగ పంపి, మూసుకున్నది తెరిచి స్టెంటు పెట్టాడు. ఎవరు ఆలస్యం చేసినా నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఒక్కటి అడగాలి. తెరిచేశాక కూడా గుండెకి వాపుందని డాక్టరన్నాడు. నా ఒంట్లో కాపలా కాసే కణాలే దాని మీద పడ్డాయట. ఇంకా ఏదో చెప్పాడు, నాకు వినబడలేదు. శంకరరావుకి వినబడింది, అర్థం కాలేదు. నువ్వు హైదరాబాద్‌లో చేసే పని ఇదేనని మీ అమ్మ ఒకసారి చెప్పినట్టు గుర్తు. నాకు తెలిసేలా రాయి.

పెదనాన్న
పోలయ్య


హైదరాబాద్
జులై 22

పెదనాన్నా,

ఇక్కడ మబ్బే గాని వాన లేదు. ఇవాళంతా ఎలుకల గుండెల్ని పల్చగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు వేశాను. మచ్చ కట్టిన చోటు నీలంగా, మంచి కండ ఎర్రగా కనిపిస్తుంది. నీలం ఎంత, ఎరుపు ఎంత అని చూసుకుంటూ కూర్చోవడమే నా ఉద్యోగం.

నేను తెలుగు రాసి చాలా ఏళ్ళయింది. బడిలో హిందీ, తర్వాత ఇంగ్లీషు. వ్యాగన్ల మీద రాసే సుద్దముక్కతో వరండా గచ్చు మీద నువ్వు దిద్దించిన అక్షరాలే నాకున్నవి. ఒత్తులు తప్పితే బాధ్యత నీదే.

నీ గుండెలో ఒక రక్తనాళం మూసుకుపోయింది. దాని అవతల ఉన్న కండలో కొంత చచ్చిపోయింది. కణం ఊరికే చావదు. పగిలి, లోపల ఉన్నదంతా బయట పోస్తుంది. అదే మొదటి కబురు. పక్క కణాలు దాన్ని అందుకుని తమ కబురు రక్తంలో వదులుతాయి. అది ఎముకల్లో ఉండే మూలుగ దాకా వెళ్తుంది. కాపలా కణాలు పుట్టేది అక్కడే. కబురు అందగానే బయలుదేరి వస్తాయి.

మొదట వచ్చేవి దుడుకువి. చచ్చినదాన్ని కరిగించే మందు చల్లుతాయి. అది పక్కన బతికున్న కండ మీద కూడా పడుతుంది. డాక్టరు చెప్పిన వాపు అదే. వాటి వెనక తినే కణాలు వస్తాయి. చెత్తనంతా తింటాయి. మొదట వచ్చినవి చాలావరకు తిరిగి వెళ్ళవు, అక్కడే చస్తాయి. వాటినీ ఇవే తింటాయి. అలా తిన్నాక వీటి తీరు మారుతుంది. పిలవడం మానేసి, కట్టే కణాలకి కబురు పంపుతాయి. అవి వచ్చి మచ్చ కడతాయి. గుండె కండ పోతే మళ్ళీ పెరగదు పెదనాన్నా. మచ్చ గట్టిగా కడితే మిగిలిన కండ పని లాక్కొస్తుంది.

చిక్కల్లా పిలుపు ఆగకపోతేనే. పని అయిపోయినా వస్తూనే ఉంటే, బాగున్న కండ కూడా పాడై, గోడ పల్చబడి, గుండె సాగిపోతుంది. పిలుపు ఎలా ఆగుతుందన్నదే మా ల్యాబులో అందరం వెతుకుతున్నాం. నీకిచ్చిన మందులు గుండె మీద బరువు తగ్గిస్తాయి. ఒక్కటీ మానకు.

డాక్టరు రోజూ కొంచెం కొంచెం నడవమనే ఉంటాడు. ఎంత దూరం నడుస్తున్నావో రాయలేదు. రాయి.

జ్యోతి


బిలాస్‌పూర్
ఆగస్టు 9

జ్యోతమ్మకి,

వాన తెరిపిచ్చింది. కాలనీలో గడ్డి కోస్తున్నారు. మీ పెద్దమ్మ తడి బట్టలన్నీ ఎండకి వేసింది. నేను మంచం మీద నుంచి చూశాను.

నీ ఉత్తరం పైకి చదివాను. చదవకపోతే అందరూ ఊరుకోలేదు. శంకరరావు అచ్ఛా అచ్ఛా అంటూ విన్నాడు. మీ అత్త చివరిదాకా విని, అయితే ఆ కణాలు మనవాళ్ళేనా అని అడిగింది. మనవే అన్నాను.

"కబురెట్టి పిలిపించుకుని, వచ్చినోల్లని తిడతారేటి?" అంది.

మీ పెద్దమ్మ లోపల గిన్నె ఒకటి గట్టిగా పెట్టింది. అది నాకు కూడా వినబడింది.

నువ్వు నడక గురించి అడిగావు. నిజం రాస్తాను. నేను నడవడం లేదు. డాక్టరు నడవమన్నాడు, కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. అక్క నడవనివ్వదు. పోయిన మంగళవారం చెప్పులేసుకుని గేటు దాకా వెళ్దామని లేచాను. అక్క వచ్చి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. దాటమంది. పెద్దదాన్ని ఎలా దాటుతాను? చెప్పులు విప్పేశాను.

నాకు బాగానే ఉందక్కా అన్నాను. అనకూడని మాట అన్నాను.

"రవణ కూడా ఆ మాటే అన్నాడు పోలిగా. బాగుందని డూటీకెల్లినాడు. ఏటయినాది మరి?"

మీ నాన్న పోయిన రోజు నీకెంత తెలుసో నాకు తెలీదు. రమణబాబు మా అందరికన్నా చిన్నవాడు. మా అమ్మకి ఒంట్లో బాగోనప్పుడు వాణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే. వాడు పోయినప్పటి నుంచి మన ఇళ్ళలో జబ్బు గురించి చెబుతారు గాని, తగ్గిందని మాత్రం ఎవరూ చెప్పరు. దిష్టి అంటారు. ఎవరొచ్చి ఎలా ఉందని అడిగినా, "ఏటి చెప్తాం, అలాగే ఉన్నాడు" అంటుంది అక్క. ఆ మాట పార్వతీపురం చేరుతుంది. అక్కడి నుంచి ఇంకొకరు బయలుదేరతారు. రైల్వేవాళ్ళకి పాసులుండనే ఉన్నాయి. పోయినవారం అక్క తోడికోడలు వచ్చి మూడు రోజులుంది. నన్ను చూసి ఏడ్చింది. ఆమె ఊరుకునేదాకా నేనే ఓదార్చాను.

అక్కని తప్పు పట్టలేను. వస్తూ నాకిష్టమని బస్తా నిండా ఎండు చేపలు తెచ్చింది. డాక్టరు ఉప్పు వద్దన్నాడని ఆ పూటే పక్క క్వార్టరుకి ఇచ్చేసింది. ఇప్పుడు తను కూడా ఉప్పు లేకుండానే తింటోంది. మాత్రలు ఒక్కటి తప్పలేదంటే ఆమె వల్లే. చదువు రాదు. పొద్దుటి మాత్రలు పసుపు గుడ్డలో, రాత్రివి నల్ల గుడ్డలో కడుతుంది.

కాని అక్టోబరులో రైల్వే డాక్టరు నన్ను చూస్తాడు. నడిపించి, మెట్లెక్కించి, ఫిట్ రాయాలో వద్దో తేలుస్తాడు. రాస్తే సిక్ లైన్‌కి పోతాను. లేకపోతే లైను పని తీసేసి ఏదో ఆఫీసు గుమ్మం దగ్గర కుర్చీ వేస్తారు. వినబడని మనిషిని గుమ్మం దగ్గర కూర్చోబెడితే ఎవరికి లాభం? ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. అది నా వ్యాగన్ల దగ్గరే పూర్తిచెయ్యాలని ఉంది. కాళ్ళు చూస్తే సన్నబడిపోయాయి.

ఈ ఉత్తరం మాత్రం చదివి వినిపించను. పోస్టు చెయ్యడానికి రాజేంద్రకిస్తున్నాను.

పెదనాన్న


హైదరాబాద్
ఆగస్టు 19

పెదనాన్నా,

రాత్రి వాన పడింది. ల్యాబుకి వెళ్ళేసరికి మెట్ల మీద నీళ్ళు. ఇవాళ కూడా గాజు పలకలే.

అత్త అన్న మాట నాలుగు రోజులుగా గుర్తొస్తోంది. మా దగ్గర జరిగింది చెప్తాను. కొన్ని ఎలుకల్లో ఆ దుడుకు కణాలు అసలు రాకుండా మందిచ్చి ఆపేశాం. పాడుచేసేవి లేకపోతే గుండె ఇంకా బాగుంటుందని అనుకున్నాం. ఇవాళ వాటి పలకలు చూశాను. బాగా లేవు. మచ్చ గట్టిగా కట్టలేదు, గోడ పల్చబడింది. వచ్చినవి చచ్చి, వాటిని తిన్నాక గదా తినే కణాల తీరు మారేది. వచ్చేవే లేకపోతే తినేవి ఏం తిని మారతాయి? ఇది మేము కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, వేరేవాళ్ళు కూడా చూశారు. కాని కళ్ళతో చూస్తే వేరుగా ఉంటుంది. కాబట్టి అత్త అన్నది ఒప్పే. వచ్చినవాళ్ళని తిట్టకూడదు.

అయితే ఇంకోటుంది. పిలుపు దానంతటది సన్నగిల్లి ఆగిపోతుందని మునుపు అనుకునేవారు. అలా కాదు. ఇక చాలు అనే కబురు వేరే ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు తయారుచేసి పంపాలి. పంపకపోతే వచ్చేవి వస్తూనే ఉంటాయి. వాటికి మాత్రం పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

నాన్న పోయిన రోజు నాకు తెలుసు. నాకప్పుడు ఏడేళ్ళు. ముందు రోజు సాయంత్రం భుజం లాగుతోందన్నాడు. పొద్దున్న బాగుందన్నాడు. అది పైకి అన్నందుకు పోలేదు పెదనాన్నా. నిజంగా బాగుందో లేదో ఎవరూ చూడనందుకు పోయాడు. నిన్ను చూశారు, తెరిచారు, మందులిచ్చారు. నీకూ నాన్నకీ తేడా అదే. ఇది అత్తకి ఇప్పుడే చెప్పకు. తనేదో చెయ్యలేదని బాధపడుతుంది.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. అత్త ప్రతి ఆదివారం పొద్దున్న తిరుమలరావు బావ ఫోన్ నుంచి నాకు చేస్తుంది. పెరట్లోకి వెళ్ళి చేస్తుందట. గుండె వాపు దిగిందా అని అడుగుతుంది. చూద్దాం అత్తా అంటాను. ఎప్పుడూ అదే అంటాను.

ఆగస్టు ఆఖర్లో మళ్ళీ గుండెకి ఎకో స్కాను తీస్తారుగా. ఆ రిపోర్టు బావ చేత ఫోటో తీయించి పంపించు.

జ్యోతి


బిలాస్‌పూర్
సెప్టెంబరు 6

జ్యోతమ్మకి,

ఎండ కాస్తోంది, ఉక్కగా ఉంది. వినాయకుడి పందిళ్ళకి కాలనీలో వెదుళ్ళు పాతుతున్నారు. రాజేంద్ర డ్యూటీ దిగి ఇటే వచ్చాడు. నా కాళ్ళు చూసి నవ్వాడు.

"పోలయ్య భయ్యా, సిక్ లైన్లో బండికైనా ఏ రోజు బయటకి పోతుందో తారీఖు వేస్తాం. నీకదీ లేదు."

అక్కకి హిందీ బాగా రాదు. అయినా వాడి మాట పట్టేసింది. వీడికి టీ ఇవ్వొద్దు అంది. ఇస్తూనే అంది.

ఎకో తీశారు. తిరుమలరావు నీకు ఫోటో పంపాడు. గుండె కొట్టే బలం ఆసుపత్రిలో ఉన్నప్పుడు ముప్పై అయిదట, ఇప్పుడు నలభై ఎనిమిదట. మంచిదేనా అంటే డాక్టరు చాలా మంచిదన్నాడు. సన్నబడ్డ కాళ్ళు చూసి ఇంకా నడవడం లేదేమని కోప్పడ్డాడు కూడా. శంకరరావు ఆ సంగతంతా ఇంటికొచ్చి చెప్పాడు. అక్క నమ్మలేదు. డాక్టర్లు ధైర్యానికి చెబుతారంది.

"జోతి సెప్పిందా? అది గుండెల సదువు సదివింది. ఒక్కనాడైనా తగ్గిందందా? చూద్దామంది. అది చూద్దామంటే ఇంకా ఉన్నట్టే."

ఇదమ్మా సంగతి. ఇల్లంతా నీ మాట కోసం ఆగి ఉంది. నువ్వేమో నా రిపోర్టు కోసం ఆగావు.

మా లైన్లో ఒక పద్ధతుంది, నీకు గుర్తుందో లేదో. పాడైన వ్యాగన్ మీద సుద్దతో సిక్ అని రాస్తాం. రాసిన బండిని ఎవరూ కదపరు. బాగు చేశాక దాన్ని చూసినవాడు ఫిట్ అని రాస్తేనే బయటకి పోతుంది. సిక్ అని రాయడానికి ఎవరికీ చెయ్యి వణకదు. ఫిట్ రాయాలంటే అందరూ ఒకరి ముఖం ఒకరు చూస్తారు. రేపు దారిలో ఏదైనా జరిగితే రాసినవాడి పేరే అడుగుతారు కదా. అందుకని బాగైన బండి కూడా ఒక్కోసారి రోజుల తరబడి అక్కడే ఎండకి ఎండి, వానకి తడుస్తుంది. నేనూ అలా ఆపినవాణ్ణే. నిన్ను తప్పు పట్టడం లేదు.

నీకూ రమణే గుర్తొస్తున్నాడని నాకు తెలుసు. కాని ఇది నేను చెబితే చెల్లదు, డాక్టరు చెబితే చెల్లలేదు. నీకు నిజంగా అనిపిస్తేనే చెప్పు. అనిపించకపోతే అదైనా రాయి. గుమ్మం దగ్గర కుర్చీకి మనసు కుదుర్చుకుంటాను.

పెదనాన్న


హైదరాబాద్
సెప్టెంబరు 15

పెదనాన్నా,

రిపోర్టు చూశాను. మా ల్యాబు పక్కన పెద్దాసుపత్రిలో గుండె డాక్టరమ్మ ఉన్నారు, ఊర్మిళ గారని. ఆమెకి కూడా చూపించాను. ఇద్దరం ఒకటే అనుకున్నాం. రెండో కాగితం అత్తకి. పైకి చదువు. మధ్యలో ఆపొద్దు.

జ్యోతి


హైదరాబాద్
సెప్టెంబరు 15

అసిరమ్మత్తా,

ఇవాళ ఇక్కడ ఎండ బాగుంది. పని త్వరగా అయిపోయింది.

పెదనాన్నకి తగ్గింది.

ఆదివారం ఆదివారం నువ్వడిగిన దానికి ఇది జవాబు. ధైర్యానికి చెప్పడం లేదు. రిపోర్టు నేను చూశాను, ఇంకో డాక్టరమ్మకి చూపించాను. గుండె బలం పెరిగింది. గోడ పల్చబడలేదు. మచ్చ గట్టిగా కట్టింది. మచ్చ ఎప్పటికీ ఉంటుంది, మందులు ఎప్పటికీ వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి. రేపేమవుతుందో ఎవరం చెప్పలేం. ఇవాళ్టికి మాత్రం తగ్గింది.

ఈ మాట ఇంతకు ముందే చెప్పాల్సింది. నోరు రాలేదు. నాకూ నాన్నే అడ్డొచ్చాడు. ఎంత చదువుకున్నా నీ మేనకోడల్నే కదా. ఇప్పుడు కాగితం మీద పెట్టి, నా పేరు రాసి చెప్తున్నాను. దిష్టి తగిలితే నాకు తగలనీ.

వచ్చినవాళ్ళని తిడతారేటని నువ్వన్నావట. తిట్టం అత్తా. గుండె దెబ్బ తిన్నాక మొదటి నెల చాలా గడ్డుది. అప్పుడు నువ్వున్నావు. ఒక్క మాత్ర తప్పిపోయినా స్టెంటులో గడ్డ కట్టి ఉండొచ్చు. పసుపు గుడ్డ, నల్ల గుడ్డ సంగతి మా ల్యాబులో అందరికీ చెప్పాను. నువ్వు ఉప్పు మానేశావని కూడా తెలుసు. తెచ్చిన చేపలు తినకుండా పక్కింటికిచ్చావని తెలుసు. మా నాన్నని పెంచావు, ఇప్పుడు పెదనాన్నని నిలబెట్టావు. నీకేమిచ్చినా తక్కువే.

ఇంకొక పని నీవల్లే కావాలి. ఉత్తరంలో తినే కణాల గురించి రాశాను కదా. వాటి పని చెత్త తియ్యడంతో అయిపోదు. తర్వాత కట్టడానికి సాయం చేస్తాయి. నీ కాపలా పని అయిపోయింది. ఇక పెదనాన్నని నడిపించాలి. రేపు గేటు దాకా, నాలుగు రోజులు పోయాక కాలనీ చివరి దాకా, ఆ తర్వాత బజారు దాకా. నువ్వు పక్కన నడువు. ఆయాసమొస్తే నిలబెట్టు. నిన్ను దాటి వెళ్ళలేడు గాని, నీతో కలిసి వెళ్తాడు.

నీ జ్యోతి


బిలాస్‌పూర్
అక్టోబరు 25

జ్యోతమ్మకి,

చలి మొదలైంది. పొద్దున్నే యార్డు మీద మంచు పొగ కమ్ముతోంది. నిన్న వ్యాగన్ కింద దూరకుండా పైపనే చేశాను. నెల రోజులు అలాగే చెయ్యమన్నారు. తలుపు కొక్కేలు, గొలుసులు చూసుకున్నాను. వరుసగా రాస్తాను.

నీ ఉత్తరం అందిన రోజు పైకి చదివాను. మీ పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. తగ్గింది అన్న ముక్క దగ్గర అక్క మళ్ళీ చదవమంది. చదివాను. దిష్టి తగిలితే నాకు తగలనీ అన్న దగ్గర కూడా మళ్ళీ చదవమంది. అది చదివేసరికి లేచి లోపలికెళ్ళింది. గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చింది. నాకు తియ్యడానికనుకుని లేచి కూర్చున్నాను.

"నీకు కాదు. నీకు తగ్గింది కదా," అంది.

హైదరాబాద్ ఏ వేపని తిరుమలరావుని అడిగింది. వాడు ఫోను తీసి చూసి చెయ్యి చూపించాడు. అటు తిరిగి నీకు దిష్టి తీసి, పెరట్లో నిప్పుల మీద వేసింది. ఘాటుకి అందరం దగ్గాం. ఆ పూట అక్క కూరలో ఉప్పు వేసుకుని తింది. నాకు వెయ్యలేదు.

మర్నాటి నుంచి నడక. మొదటి రోజు గేటు దాకా వెళ్ళేసరికి కాళ్ళు వణికాయి. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. రెండో వారంలో ఎవరం ఎవర్ని పట్టుకున్నామో తెలియలేదు. ఆమెకి మోకాళ్ళ నొప్పులు. బుధవారీ బజారు దాకా వెళ్ళి, అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్ళం. దారిలో ఎవరు పలకరించినా, మా మేనకోడలు గుండెల డాక్టరు, అది నడవమంది అని చెప్పేది. నువ్వు ఎలుకల దగ్గర పని చేస్తావని నేను చెప్పలేదు. ఒకరోజు రిక్షా కట్టించుకుని సదర్ బజార్ వెళ్ళాం. నీకని చీర కొంది. పంపిస్తున్నాను. రంగు ముదురుగా ఉంది, ఏమనుకోకు. దిష్టి తగలని రంగట.

పద్దెనిమిదో తారీఖున రైల్వే డాక్టరు చూశాడు. మెట్లెక్కించాడు. దిగమన్నాడు. నాడి చూసి, రాసి ఇచ్చాడు. ఇరవై నాలుగు నుంచి ఫిట్. ఆ కాగితం రాజేంద్రకి చూపించాను. వాడు నా వీపు మీద సుద్దతో ఏదో రాశాడు. ఇంటికొచ్చాక మీ పెద్దమ్మ చూసి నవ్వింది. జూన్ నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. ఆ చొక్కా ఇంకా ఉతకలేదు.

అందరికీ ఏమిచ్చి పంపాలో తోచలేదు. ఉన్నన్నాళ్ళూ కిక్కిరిసిపోయారని విసుక్కున్నాను. ఇప్పుడు వరండాలో చాపలు చుట్టి మూల నిలబెట్టి ఉంటే మీ పెద్దమ్మ వాటిని ఎండలో వెయ్యాలని తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. వాళ్ళు రాకపోయి ఉంటే ఏమయ్యేదో నువ్వు నీ పలకల మీద చూశావు. నేను చూడక్కర్లేదు.

మొన్న స్టేషనుకి వెళ్ళాం. అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎదుటి సీటులో పార్వతీపురం మనిషి, ఎవరో ఎరిగినామె. నన్ను చూడకుండానే, మీ తమ్ముడికి ఎలాగుందని అక్కని అడిగింది. నేను కిటికీ బయట ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు వినబడలేదు గాని, అక్క నోరు చూస్తూ ఉన్నాను. అలాగే ఉన్నాడంటుందనుకున్నాను. పక్కనున్న మీ పెద్దమ్మ తర్వాత ఆ మాట నా చెవిలో చెప్పింది.

"తగ్గిపోయింది. రేపు డూటీకెల్తన్నాడు," అందట.

బండి కదిలేసరికి నల్ల గుడ్డ, పసుపు గుడ్డ నా చేతిలో పెట్టింది. రెండూ ఉతికి మడత పెట్టి ఉన్నాయి.

శంకరరావు, భార్య దసరా వెళ్ళగానే దయాల్‌బంద్ వెళ్ళిపోయారు. తిరుమలరావు కొట్టు తెరవాలని ఇరవైన వెళ్ళాడు. అక్క ఇరవై మూడు సాయంత్రం విశాఖ బండికి వెళ్ళింది. నేను ఇరవై నాలుగు పొద్దున్న డ్యూటీకి వెళ్ళాను.

పెదనాన్న
పోలయ్య